ఆకుపచ్చ ప్యాకెట్ల కాపలా

జీతమిచ్చి మరీ చిరుతిండి ప్యాకెట్లు కొనిపించే ఉద్యోగం ఇంకెక్కడైనా ఉందో లేదో తెలియదు కాని, జాంగ్‌హ్వా జిల్లాలోని మా పూల సహకార సంఘంలో ఉండేది. ఆ ఉద్యోగం చేసిన మనిషి పేరు తూ బావ్‌జూ. కాగితాల మీద ఆమె హోదా ‘సాధారణ వ్యవహారాల సహాయకురాలు’. టీ పెట్టడం, మాడిపోయిన బల్బులు మార్పించడం, కార్యదర్శిగారు ఎక్కడో మరిచిపోయి వచ్చిన గొడుగు వెతికి తేవడం, ఇవన్నీ సాధారణ వ్యవహారాలు. అసాధారణమైనది ఒక్కటే. కంప్యూటర్ గదిలో సర్వర్ నెత్తిమీద ఆకుపచ్చ రంగు కొబ్బరి చిరుతిండి ప్యాకెట్లు ఎప్పుడూ కొత్తవి ఉండేలా చూడటం.

ఆ తిండికి పెట్టిన పేరే ‘బుద్ధిగా ఉండు’. పిల్లలకు పెడితే పిల్లలు, మెషీన్లకు పెడితే మెషీన్లు బుద్ధిగా ఉంటాయని ఇక్కడ అందరి నమ్మకం. రంగు ఆకుపచ్చే కావాలి. పసుపు ప్యాకెట్టు పెడితే మెషీన్ మొరాయిస్తుంది, ఎర్రది పెడితే వేడెక్కుతుంది. చింపకూడదు, గడువు దాటనివ్వకూడదు. ఈ శాస్త్రం ఎవడు రాశాడో ఎవరికీ తెలియదు. చదువు ఎక్కువయ్యేకొద్దీ నమ్మకం కూడా ఎక్కువవుతుందని మాత్రం బావ్‌జూ గమనించింది.

ఆమె సంఘంలోకి వచ్చింది ఆఫీసు పనికి కాదు. పెళ్ళి కాకముందే గ్లాడియోలస్ పూల కాడలు కట్టలు కట్టే షెడ్డులో చేరింది. చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు. ఒకసారి ఓ పెద్ద కొనుగోలుదారు కట్టలో కాడ తక్కువైందని కేకలేస్తే, “తక్కువైతే నా జడ కోసి కడతాను గాని, ముందు ఆ కళ్ళజోడు తుడుచుకోండి” అందట. కాడలు సరిగ్గానే ఉన్నాయి. అయినా కొనుగోలుదారు కొనుగోలుదారే కదా. బయటివాళ్ళను తిట్టేకంటే లోపలివాళ్ళను తిడితే సంఘానికి నష్టం తక్కువని, అప్పటి కార్యదర్శి ఆమెను ఆఫీసులోకి మార్చాడు. అప్పటినుంచి అక్కడే ఉండిపోయింది. మొగుడు పూల లారీ తోలుతాడు. ఇద్దరు కూతుళ్ళ చదువులు ఈమె జీతంమీదే అయిపోయాయి. ఇక మిగిలింది పింఛను. దానికి ఇంకా మూడేళ్ళ సర్వీసు కావాలి. ఉద్యోగమేమో ఏడాదికోసారి కొత్తగా రాసే కాంట్రాక్టు. మోకాళ్ళు అరిగిపోయిన ఆడమనిషికి ఈ ఊళ్ళో ఇంకో ఉద్యోగం ఎవరూ ఇవ్వరని ఆమెకు బాగా తెలుసు.

ఇక కంప్యూటర్ విభాగం అధిపతి కో రుంగ్‌షెంగ్. విభాగమంటే ఆయన ఒక్కడే. అయినా అధిపతే. నిజం చెప్పాలంటే ఒకప్పుడు కో పనిమంతుడే. హాలు గోడమీది పెద్ద వేలం గడియారం పెట్టించింది ఆయనే. ధర పైనుంచి కిందికి జారుతూ వస్తుంది, ముందు బటన్ నొక్కినవాడిది సరుకు. ఏ రైతు పూలు, ఎన్ని కట్టలు, ఎవరు కొన్నారు, అంతా లోపల ఒక డేటాబేస్‌లో ఉంటుంది. అది పలకకపోతే గడియారంలో ముల్లు కదలదు. గడియారం వచ్చిన కొత్తలో రైతులు కోని భుజాలమీద మోశారు. అక్కడే చెడింది. ఆ భుజాలమీదినుంచి దిగాలంటే భయం పట్టుకుంది ఆయనకు. నడుస్తున్నదాన్ని ముట్టుకుంటే ఎక్కడ ఆగిపోతుందోనని ఏళ్ళతరబడి సర్వర్‌ను ముట్టుకోవడం మానేశాడు. ముట్టుకునే బదులు ప్యాకెట్లు పెట్టించాడు. మొదట ఒకటి, తరవాత రెండు, చివరికి ఒక వరస.

ఆ వరసలో వెనకాల ఒక పాత ప్యాకెట్టు ఉండేది. కో అధిపతి అయిన ఏడు తన చేత్తో పెట్టుకున్నది. రంగు వెలిసిపోయింది. ఒకసారి బావ్‌జూ దాన్ని తీసి చెత్తబుట్టలో వేయబోతే ఆయన ఒంటికాలిమీద లేచాడు.

“ముట్టుకోకు! అది అదృష్టపు ప్యాకెట్టు. నాకు ప్రమోషన్ వచ్చినరోజు పెట్టింది.”

“గడువు దాటి చాలా రోజులైంది కదండీ.”

“గడువు మిగతావాటికి. దానికి కాదు.”

“సరే, పురుగులు పట్టాక వాటిక్కూడా ప్రమోషన్ ఇద్దురుగాని” అని బావ్‌జూ దాన్ని తిరిగి అక్కడే పెట్టేసింది.

కొత్త సంవత్సరం పండుగ సందడి సద్దుమణిగాక, సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి తాయ్ అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, వీపుకు సంచీ తగిలించుకుని, చూడటానికి కాలేజీ పిల్లలా ఉంటుంది. కో గదిలో కూర్చుంది. కార్యదర్శి యెన్ కూడా వచ్చి కూర్చున్నాడు. బావ్‌జూ టీ పోస్తోంది. తలుపు తెరిచే ఉంది, అవతల ముగ్గురు గుమాస్తాలు ఉన్నారు. కాబట్టి ఆ రోజు ఆ అమ్మాయి చెప్పింది విననివాళ్ళు ఆఫీసులో ఎవరూ లేరు.

“డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం బయటపడింది సార్” అంది తాయ్. “మీ ఒక్కరిదే కాదు, అది వాడేవాళ్ళందరిదీ. బయటినుంచి ఎవరైనా ఒక వంకర సందేశం పంపితే చాలు, సర్వర్ దాన్ని చదవబోయి అక్కడికక్కడే పడిపోతుంది. పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు.”

“అంటే దొంగలు పడతారా?” అని యెన్ సగం లేచాడు.

“దొంగతనం ఏమీ జరగదు సార్. పని ఆగిపోతుంది, అంతే.”

“పడితే లేపుకుంటాం” అన్నాడు కో.

“మళ్ళీ పంపుతారు. మళ్ళీ పడుతుంది.”

బావ్‌జూ టీ పోయడం ఆపింది. “అంటే ఏంటమ్మాయ్, వీధిలో ఎవడో దగ్గితే లోపల ఇల్లు కూలిపోతుందా?”

తాయ్‌కి నవ్వొచ్చింది. “అచ్చం అంతే అక్కా. వాడు లోపలికి రానక్కర్లేదు. తైపేలో పెద్ద కొనుగోలుదార్లు ఇంట్లోనే కూర్చుని వేలం పాడుకోవడానికి సార్ ఒక దారి తెరిచారు కదా, ఆ దారి వీధిలోకే ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేసేస్తే సరిపోతుంది. అరగంట మెషీన్ ఆపాలి.”

“పూలమ్ముకునేవాళ్ళ తలుపు ఎవడు తడతాడమ్మా?” అన్నాడు కో, ఆ మాటతో పని అయిపోయినట్టు వెనక్కి వాలి.

“తట్టేవాడికి మీరెవరో తెలియక్కర్లేదు సార్. కనిపించిన తలుపునల్లా తట్టుకుంటూ పోతాడు. వాడు మనిషి కూడా కాదు, ప్రోగ్రాం.”

కో ఇప్పుడు పెళ్ళిళ్ళ బేరాలున్నాయన్నాడు. సోమవారం సంఘానికి సెలవే కదా, ఆ రోజు చేద్దామని తాయ్ అంది. సోమవారం ముట్టుకుంటే మంగళవారం లేవకపోతే ఎవరు జవాబుదారీ అన్నాడు. చివరికి చింగ్‌మింగ్ పండుగ దాటాక చూద్దామని తేల్చాడు. చింగ్‌మింగ్ అంటే ఊరూవాడా పెద్దల సమాధులు శుభ్రం చేసి పూలు పెట్టే రోజు. సంఘానికి ఏడాది మొత్తంలో అంతకంటే పెద్ద బేరం లేదు. అంటే ఇల్లు కూలితే ఎక్కువ నష్టం జరిగే రోజు దాటాక ఇంటికి కొయ్యలు వేద్దామన్నమాట. కార్యదర్శి యెన్ తల ఊపాడు. తల ఊపడంలో ఆయన్ని మించినవాడు మా జిల్లాలోనే లేడు.

తాయ్ సంచీ సర్దుకుంటుంటే కో, “బావ్‌జూ, రేపు ఇంకో రెండు ప్యాకెట్లు పట్రా. ఆకుపచ్చవి” అన్నాడు.

చింగ్‌మింగ్ ముందు జరిగే ఆ పెద్ద వేలంనాడు హాలు మొత్తం చేమంతి వాసన. షావ్ పెద్దయ్య తెల్ల చేమంతులు బళ్ళకొద్దీ తెచ్చాడు. రాత్రి పొడుగైతే చేమంతి మొగ్గ వేస్తుంది. అందుకని ఆ ముసలాయన చలికాలమంతా పొలంలో లైట్లు వెలిగించి పూతను ఆపుకుంటూ వచ్చాడు. పండుగకు సరిగ్గా విచ్చేలా లైట్లు తీసేశాడు. ఒక్క రోజు అటైనా ఇటైనా ఆ పూలకు ధర లేదు. అలాంటి రైతులు ఆ హాల్లో ఎంతోమంది ఉన్నారు.

వేలం మొదలైన కాసేపటికి గడియారం ముల్లు మధ్యలో ఆగింది. బటన్లు నొక్కినా చప్పుడు లేదు. కో పరుగెత్తి సర్వర్‌ను మళ్ళీ లేపాడు. ముల్లు కదిలింది. రెండు బళ్ళు అమ్ముడుపోయేలోపు మళ్ళీ ఆగింది. లేపాడు, పడింది. మళ్ళీ లేపాడు, మళ్ళీ పడింది. కొనుగోలుదార్లు మొదట నవ్వారు, తరవాత గడియారాలు చూసుకున్నారు, తరవాత లారీలు తిప్పుకుని పక్క జిల్లా మార్కెట్టుకు పోయారు. ఎండెక్కింది. హాల్లో లిల్లీలు విచ్చుకున్నాయి, చేమంతులు తలలు వాల్చాయి.

తాయ్ ఫోన్లో మొత్తుకుంటోంది. ఫోన్ బల్లమీద పెట్టి ఉండటంతో ఆమె మాటలు బావ్‌జూకి కూడా వినపడుతున్నాయి. “సార్, ముందు ఆ బయటి దారి మూసెయ్యండి! తీగ పీకెయ్యండి!”

కో చాలాసేపు ఆ మాట చెవిన పెట్టలేదు. ఆయన తెర చూడటం లేదు, సర్వర్ నెత్తిమీది ప్యాకెట్లు ఒక్కొక్కటే తీసి అడుగున తేదీలు చూస్తున్నాడు. చదువుకున్నవాడు, గడియారాన్ని నడిపించినవాడు, చలువ గదిలో చెమటలు కక్కుతూ చిరుతిండి గడువు తేదీలు చదువుతున్నాడు. బావ్‌జూకి ఆ క్షణంలో జాలి వేయలేదు, చీదర వేసింది. “కో సార్, ఆ అమ్మాయి ఏదో పీకమంటోంది” అంది. అప్పటికిగాని ఆయన మోకాళ్ళమీద కూర్చుని బల్ల కిందికి దూరి తీగ పీకలేదు. పీకాక సర్వర్ నిలబడింది. అప్పటికి కొనేవాళ్ళు లేరు. హాలు వెనకాల గోతిలో చేమంతులు పారబోస్తుంటే షావ్ పెద్దయ్య చూస్తూ నిలబడ్డాడు.

మర్నాటికి కథ మారిపోయింది. కో తీగ సంగతి ఎవరికీ చెప్పలేదు. అందరికీ చెప్పింది ప్యాకెట్ల సంగతి. వరసలో ఒకటి గడువు దాటిందట, అదే అరిష్టమట, తీసేసి కొత్తవి పెట్టాకే మెషీన్ లేచిందట. ప్యాకెట్లు ఎవరి బాధ్యత? బావ్‌జూది. అంతే, పీడ విరగడైంది. తాయ్ చెప్పిన మాటలు చెవులారా విన్న గుమాస్తాలు కూడా, “అయ్యో, గడువు దాటిందా!” అని బుగ్గలు నొక్కుకున్నారు. వాళ్ళకు మతిమరుపేమీ లేదు. కోని తప్పుపడితే ఆయన తిరిగి ఏదో ఒకటి అంటాడు, ప్యాకెట్టయితే ఏమీ అనదు కదా.

కార్యదర్శి యెన్ ఆమెను తన గదికి పిలిచాడు. కూర్చోమన్నాడు. ఎప్పుడూ కూర్చోమనని మనిషి కూర్చోమంటే బావ్‌జూ కుర్చీ అంచుమీదే కూర్చుంది.

“చూడు బావ్‌జూ, రైతులు మండిపడుతున్నారు. నిర్లక్ష్యం అన్న మాట బయటికొస్తే నష్టపరిహారం అంటారు, అంతా గోల. అదే అరిష్టమంటే ఎవరి చేతుల్లోనూ లేదు కదా. మంగళవారం చిన్న పూజ పెడుతున్నాం. నువ్వు అందరిముందూ ఒకసారి వంగి, ప్యాకెట్ల విషయంలో నా అజాగ్రత్త అని రెండు ముక్కలు చెప్పెయ్. జూన్‌లో నీ కాంట్రాక్టు సంగతి నేను చూసుకుంటా.”

“చెప్పకపోతే?”

“అదేంటి, అంత చిన్న సాయం చెయ్యలేవా? ఇన్నేళ్ళు ఇక్కడి ఉప్పు తిన్నావు.”

“ఉప్పు తినలేదండీ, కొబ్బరి చిరుతిండి కొన్నాను. అదీ తినలేదు.”

యెన్ తల ఊపాడు. అది ఒప్పుకోవడమో బెదిరించడమో ఆయనకే తెలియాలి.

ఇంట్లో మొగుడు అన్నం గిన్నె ముందు పెట్టుకుని, “రెండు ముక్కలే కదే, అనెయ్” అన్నాడు. “నేను రోజూ ట్రాఫిక్ పోలీసుకు ఎన్ని ముక్కలంటాను? వంగితే నడుం విరిగిపోతుందా?”

“నువ్వు అడ్డదిడ్డంగా తోలి వంగుతావు. నేను దేనికి వంగాలి?”

“ఆ పాత ప్యాకెట్టు ఆయనదే కదా? తియ్యొద్దన్నది ఆయనే కదా? ఆ మాటే అను. వాడి పీకకే చుట్టుకుంటుంది.”

బావ్‌జూకి అప్పటికే ఆ ఆలోచన వచ్చింది, చాలా రుచిగా కూడా అనిపించింది. కోని అందరిముందూ నిలబెట్టి, ‘గడువు దాటింది మీ ప్యాకెట్టే’ అంటే ఆయన ముఖం ఎలా మాడిపోతుందో ఊహించుకుని బట్టలు ఆరేస్తూ నవ్వుకుంది కూడా. కాని ఆ మాట నోటికి తెచ్చుకుని చూసుకుంటే అందులో ఒక ముల్లు తగిలింది. ఆ వాదన గెలిస్తే ప్యాకెట్టే కారణమని తను కూడా ఒప్పుకున్నట్టే. షావ్ పెద్దయ్య పూలు ఒక చిరుతిండి అలగడం వల్ల గోతిలో పడ్డాయని తన నోటితో తనే చెప్పినట్టే. కోమీద గెలవాలంటే కో అంత మూర్ఖురాలు కావాలి. ఉద్యోగం పోవడం కంటే అదే ఆమెకు ఎక్కువ కష్టంగా తోచింది. అయినా జూన్ తరవాత ఏం చేస్తానన్న భయం మాత్రం పోలేదు.

మంగళవారం వేలానికి ముందు హాల్లో బల్ల వేశారు. అరటిపళ్ళు, నారింజలు, అనాస, మధ్యలో ఆకుపచ్చ ప్యాకెట్లు గోపురంలా పేర్చారు. వెనకాల గాజు అద్దం, అవతల సర్వర్ గది. పొగకు అలారం మోగుతుందని అగరుబత్తులు మాత్రం వెలిగించకుండా గుచ్చారు. కంపెనీ తరపున వంగడానికి తాయ్‌ని కూడా రప్పించారు. రైతులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. తైపే కొనుగోలుదార్లు గొడవ చేయడంతో బయటి తీగ ఆ వేకువనే కో మళ్ళీ తగిలించాడు. పైన గడియారం మొదటి బండి కోసం వెలిగి, ముల్లు ఊరికే తిరిగి చూపిస్తోంది.

కో ముందు వంగాడు. యెన్ వంగాడు. తరవాత యెన్ ఆమె వైపు చూశాడు. బావ్‌జూ బల్లదగ్గరికి వచ్చింది.

ఆమె నోరు తెరవకముందే షావ్ పెద్దయ్య పాత ముద్దుపేరుతో పిలిచాడు. “ఆ-జూ, నువ్వు కట్టలు కట్టే రోజులనుంచి నిన్నెరుగుదును. అబద్ధం చెప్పవు. నా పూలు ఈ ప్యాకెట్టు వల్లే పోయాయా?”

యెన్ కళ్ళతోనే ఆమెను తొందరపెట్టాడు. అవునంటే చాలు. మూడేళ్ళు నిశ్చింత.

“కాదు పెద్దయ్యా” అంది బావ్‌జూ. “ప్యాకెట్లు కొన్నది నేనే. కొన్నవన్నీ మంచివే. పూలు పోయింది దీనివల్ల కాదు. మెషీన్‌లో లోపం ఉందని, ఎవడో వీధిలో దగ్గితే పడిపోతుందని, ఈ అమ్మాయి పండుగకు ఎంతో ముందే వచ్చి చెప్పింది. అరగంట ఆపితే బాగుచేస్తానంది. ఇదుగో వీళ్ళు అరగంట ఇవ్వలేదు. రెండు ప్యాకెట్లు కొనిపించారు.”

“బావ్‌జూ!” అని కో అరిచాడు. “సాంకేతిక విషయాలు నీకేం తెలుసని మాట్లాడుతున్నావ్?”

“నాకేం తెలీదు సార్. చెవులున్నాయి, అంతే. మీకూ ఉన్నాయి. ఆ రోజు టీ ముందు మీకే పోశాను.”

ఎవరో వెనకనుంచి కిసుక్కున నవ్వారు. యెన్ గోపురంమీద చెయ్యి వేసి, “పూజ దగ్గర ఇవేం మాటలు, అరిష్టం, అరిష్టం” అన్నాడు. ఆ మాటతో బావ్‌జూకి ఒళ్ళు మండింది. గోపురం పైనుంచి ఒక ప్యాకెట్టు లాక్కుని బర్రున చింపింది.

కో గాజు అద్దం వైపు తిరిగి, సర్వర్‌ను కౌగిలించుకోబోయేవాడిలా రెండు చేతులూ చాచాడు. బావ్‌జూ ఒక పిడికెడు నోట్లో వేసుకుని కరకరా నమిలింది. ప్యాకెట్టు ముసలాయన ముందు పట్టింది.

“తినండి పెద్దయ్యా. ఇన్నేళ్ళుగా కొంటున్నా, రుచి ఇవాళే చూశాను. మెషీన్ తినదు గాని మనం తినొచ్చు.”

షావ్ పెద్దయ్య ఒకసారి గడియారం వైపు చూశాడు. అందరూ చూశారు. ముల్లు నింపాదిగా జారుతూనే ఉంది. ఆయన చెయ్యి ప్యాకెట్టులో పెట్టి నాలుగు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. ముందు పళ్ళతో, తరవాత పళ్ళులేని వైపు నమిలాడు. “తీపి ఎక్కువ” అన్నాడు. పక్కాయన తనకూ పెట్టమన్నాడు. ప్యాకెట్టు చేతులు మారింది. ముల్లు ఆగలేదు.

అప్పుడు ముసలాయన తాయ్ వైపు తిరిగాడు. “అమ్మాయ్, అరగంటేనా?”

“అరగంట చాలు తాతా. ఆ రోజు నిలబడింది కూడా ప్యాకెట్టుతో కాదు. సార్ బయటి తీగ పీకితే నిలబడింది. ఇప్పుడు మళ్ళీ తగిలించారు. మళ్ళీ ఎప్పుడైనా పడొచ్చు.”

షావ్ పెద్దయ్య ఒక ఖాళీ పూలపెట్టె బోర్లించి దానిమీద కూర్చున్నాడు. “మేం కూర్చుంటాం. నువ్వెళ్ళి చెయ్.”

ఒకరి తరవాత ఒకరు అందరూ పెట్టెలు బోర్లించుకున్నారు. అంతమంది కూర్చుని చూస్తుంటే ‘పండుగ దాటాక’ అనడానికి యెన్‌కు నోరు రాలేదు. అలవాటు ప్రకారం తల ఊపాడు. ఆ ఒక్క ఊపు మాత్రం పనికొచ్చింది. తాయ్ లోపలికి వెళ్ళింది. గడియారం ఆరిపోయింది. రైతులు పూజబల్లమీది నారింజలు ఒలుచుకున్నారు, మిగతా ప్యాకెట్లు చింపుకున్నారు. కో మాత్రం అద్దానికి నుదురు ఆనించి నిలబడ్డాడు. వాళ్ళు తినడం ఇంకా పూర్తికాలేదు, గడియారం వెలిగింది. మొదటి బండి లోపలికి వచ్చింది. ఏడాదిలో ఏ సోమవారమైనా అయిపోగలిగిన పని అది.

బావ్‌జూ కాంట్రాక్టు జూన్‌లో పొడిగించలేదు. కారణం ‘ఆహారపదార్థాల నిర్వహణలో క్రమశిక్షణ లోపం’ అని రాశారట. అది విని మొగుడు, “చూశావా” అన్నాడు. “చూశాను” అంది ఆమె. ఆ పూట ఆమె ఏడ్చింది కూడా, నీళ్ళకుళాయి తిప్పి, చప్పుడు వినపడకుండా. పింఛను పోయినందుకు ఎవరికైనా ఏడుపొస్తుంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

తరవాత సంఘం గేటు ఎదురుగా చిన్న బడ్డీ పెట్టింది. వేడి సోయాపాలు, ఆవకూర దట్టించిన అన్నం ముద్దలు, టీలో ఉడికించిన గుడ్లు. వేలం అయ్యాక రైతులు అక్కడే ఆగుతారు. షావ్ పెద్దయ్య ఒక చేమంతి కట్ట తెచ్చి గల్లాపెట్టె పక్కన పెట్టి పోతుంటాడు. వెనక అరలో చిరుతిళ్ళూ పెట్టింది. ఊళ్ళో ఇంకెక్కడా దొరకనంత ఆకుపచ్చ ప్యాకెట్ల నిల్వ ఆమె దగ్గరే ఉండేది. ఏ దుకాణంలో ఎప్పుడు సరుకు దిగుతుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

లోపల కథ మళ్ళీ మారిపోయింది. ఇప్పుడు సంఘానికి చుట్టపుచూపుగా ఎవరు వచ్చినా కో గాజు అద్దం దగ్గరికి తీసుకెళ్ళి, “ఆ పూజ చేశాక ఒక్కసారి కూడా పడలేదు” అని చెబుతాడు. ఇంజనీరు అరగంట పని ఆయన కథలో ఎక్కడా లేదు. వచ్చినవాళ్ళు ఫోన్లు తీసి ప్యాకెట్ల వరసను ఫొటోలు తీసుకుంటారు.

శరదృతువు చంద్రపండుగ దగ్గరపడుతుండగా, ఒక ఉదయం కో తనే బడ్డీకి వచ్చాడు. ఇన్నాళ్ళూ ఎవరో గుమాస్తా వచ్చి కొనుక్కుపోయేవాడు. ఆయన సోయాపాలు అడగలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“బావ్‌జూ, ఆకుపచ్చవి ఓ నాలుగియ్యి. కొత్త తేదీవి.”

ఆమె అరలోంచి నాలుగు తీసి బల్లమీద పెట్టింది. చెయ్యి ఇంకా వాటిమీదే ఉంది. “ఒకేసారి నాలుగేంటి సార్? మెషీన్ బాగానే ఉందన్నారుగా.”

“బాగానే ఉంది. అదే… ఆ తాయ్ మళ్ళీ ఫోన్ చేసింది. ఇంకేదో లోపమట. మళ్ళీ ఆపాలట.”

“ఎంతసేపు?”

కో నేలచూపులు చూశాడు. “అరగంటే అంది. చంద్రపండుగ బేరాలు దాటాక చూద్దామన్నాను.”

బావ్‌జూ ఆయన ముఖం వైపు చూసి, నాలుగు ప్యాకెట్లూ ఒక్కొక్కటే తీసుకుని, వెనక్కి తిరిగి అరలో పెట్టేసింది. అర నిండా ఆకుపచ్చే.

“లేవు” అంది, గుడ్లు కలుపుకుంటూ.